ఆన్‌లైన్ కోర్సు ఫీడ్‌బ్యాక్: విద్యార్థులు నింపాలంటే, నింపింది పనికిరావాలంటే

కాగితం ఫారాలు మానేసి ఫీడ్‌బ్యాక్‌ను ఆన్‌లైన్‌లో పెట్టగానే చాలా కాలేజీల్లో నింపేవాళ్లు బాగా తగ్గిపోతారు. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. కాగితం క్లాసులోనే చేతికొచ్చేది, నింపి ఇచ్చాకే బయటికి వెళ్లేవాళ్లు. లింకు మెయిల్లో వస్తుంది, అదీ సబ్మిషన్లన్నీ మీదపడ్డ వారంలో.

కాబట్టి ముందు చేయాల్సింది క్లాసులో సమయం ఇవ్వడం. పీరియడ్ మొదట్లో 10 నుంచి 15 నిమిషాలు కేటాయించండి. చివర్లో పెడితే సగం మంది బ్యాగు సర్దుకుంటూ నింపుతారు. ముందురోజే ఫోన్ తెచ్చుకోమని చెప్పి, క్యూఆర్ కోడ్‌ను తెరమీద పెట్టి, లెక్చరర్ గది బయటికి వెళ్లిపోవాలి. ఆయన అక్కడే తిరుగుతుంటే నిజం రాయరు.

ఫారాన్ని కంప్యూటర్లో చూసి సరే అనుకోకండి, మామూలు ఫోన్‌లో ఒకసారి మీరే నింపి చూడండి. ఎడమవైపు పది ప్రశ్నలు, పైన అయిదు గడులు ఉన్న పట్టిక చిన్న తెరమీద పక్కకి జారిపోతుంది. చివరి గడులు కనిపించవు. విసుగొచ్చి అన్నిటికీ ఒకే వరస నొక్కేస్తారు. ఒక్కో ప్రశ్న విడిగా, కిందకి జరుపుకుంటూ పోయేలా ఉంటే ఈ గొడవ ఉండదు.

పాఠాలు ముగియడానికి రెండు వారాల ముందు తెరిచి, ఫైనల్ పరీక్షలకు ముందే మూసేయండి. పరీక్ష రాశాక నింపితే కోర్సు గురించి కాక ప్రశ్నపత్రం గురించి రాస్తారు. రిమైండర్లు మూడు చాలు: తెరిచిన రోజు, మధ్యలో ఒకటి, ముగిసే ముందురోజు. చివరి రెండూ ఇంకా నింపనివాళ్లకే వెళ్లాలి. అలా పంపితే ‘మా పేర్లు తెలుస్తున్నాయన్నమాట’ అని అనుమానం వస్తుంది. ఎవరు నింపారో వ్యవస్థకి తెలుస్తుందనీ, ఏం రాశారో పేరుతో కలపదనీ మెయిల్లోనే రాయండి. ఆ మాట నిజమయ్యేలా వ్యవస్థ ఉండాలి మరి.

నింపకపోతే రిజల్ట్ ఆపేస్తామన్న బెదిరింపు వద్దు. శాతం పెరుగుతుంది, చెత్త కూడా అంతే పెరుగుతుంది. మీ నియమాలు ఒప్పుకుంటే, క్లాసులో 80 శాతం నింపితే అందరికీ కలిపి చిన్న బోనస్ మార్కు ఇవ్వడం దానికంటే నయం.

ఇక ప్రశ్నలు. స్కోరు ఇచ్చేవి ఎనిమిది, పది మించొద్దు, రాసేవి రెండు చాలు. ‘పాఠం స్పష్టంగా, ఆసక్తిగా చెప్పారా?’ అన్నది నిజానికి రెండు ప్రశ్నలు. స్పష్టంగా ఉండి విసుగెత్తించిన పాఠానికి ఏ గడి నొక్కాలి? విద్యార్థి కళ్లారా చూసినదే అడగండి. ‘లెక్చరర్‌కి సబ్జెక్టు మీద పట్టుందా?’ అన్నది తోటి అధ్యాపకులు తేల్చాల్సిన విషయం. ‘దిద్దిన అసైన్‌మెంట్లు తర్వాతి అసైన్‌మెంట్ లోపు తిరిగి వచ్చాయా?’ అన్నదానికి విద్యార్థే సరైన సాక్షి. ‘మీ సలహాలు రాయండి’ అంటే ‘బాగుంది’ అని వస్తుంది. ‘మీరు నేర్చుకోవడానికి బాగా ఉపయోగపడింది ఏమిటి? మార్చాల్సింది ఒక్కటే చెప్పమంటే ఏది, ఎందుకు?’ అని అడిగితే పనికొచ్చే జవాబు దొరుకుతుంది.

చిన్న క్లాసుల్లో జాగ్రత్త. అయిదుగురి కంటే తక్కువ నింపితే ఆ ఫలితాన్ని లెక్చరర్‌కి విడిగా ఇవ్వకూడదు. ఇద్దరే అమ్మాయిలున్న సెక్షన్‌లో ఆడ, మగ లెక్కలు విడదీస్తే పేరు చెప్పినట్టే. మార్కులు ఖరారయ్యాకే ఎవరికైనా నివేదిక వెళ్లాలి.

అయితే విద్యార్థులు నింపకపోవడానికి అసలు కారణం ఒకటుంది: రాస్తే ఎవరూ చదవరన్న నమ్మకం. దాన్ని పోగొట్టేది మధ్యలో తీసుకునే ఫీడ్‌బ్యాక్. సెమిస్టర్ నాలుగో వారం నుంచి ఆరో వారం లోపు మూడే ప్రశ్నలు అడగండి: ఏది కొనసాగించాలి, ఏది ఆపాలి, ఏది మొదలుపెట్టాలి. దీన్ని స్కోర్లలో కలపొద్దు, పైవాళ్లకి పంపొద్దు. వారం తిరక్కుండా క్లాసులో అయిదు నిమిషాలు తీసుకుని జవాబివ్వండి. ‘స్లైడ్లు ముందే కావాలన్నారు, ఇకమీదట ముందురోజే పెడతాను. క్విజ్‌లు తీసేయమన్నారు, తీయలేను, కారణం ఇదీ.’ కాదన్నది కూడా చెప్పడమే ఇక్కడ కిటుకు. ఒక్కసారి ఇలా జరిగితే సెమిస్టర్ చివరి ఫారానికి బతిమాలాల్సిన పని చాలా తగ్గుతుంది.

ఫలితాలు చదివేటప్పుడు సగటును ఒక్కదాన్నే నమ్మొద్దు. 60 మందిలో 18 మందే నింపి సగటు అయిదుకి 4.2 వచ్చిందనుకుందాం. నింపని 42 మంది మనసులో 3.4 ఉంటే క్లాసు అసలు సగటు 3.64. అందరూ 3 ఇచ్చినా, సగం మంది 1, సగం మంది 5 ఇచ్చినా సగటు 3 అవుతుంది. మొదటిది సాదాసీదా క్లాసు, రెండోది చీలిపోయిన క్లాసు. అందుకే ఏ స్కోరు ఎంతమంది ఇచ్చారో పక్కనే చూపండి. 4.1, 4.3 మధ్య తేడా పట్టుకుని లెక్చరర్లకు ర్యాంకులివ్వడం దండగ పని.

పక్షపాతం సంగతీ మరవొద్దు. అమెరికాలో 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆన్‌లైన్ కోర్సు చెప్పేవాళ్లు ఆడవాళ్లో మగవాళ్లో విద్యార్థులకి మార్చి చెప్పారు. మగ అనుకున్నవాళ్లకే ఎక్కువ రేటింగులు వచ్చాయి. కెనడాలో టొరంటోలోని రైర్సన్ యూనివర్సిటీ (ఇప్పుడు టొరంటో మెట్రోపాలిటన్ యూనివర్సిటీ) వివాదంలో 2018లో మధ్యవర్తి తీర్పు ఇస్తూ, పదోన్నతి, శాశ్వత నియామకాలకు బోధన సామర్థ్యాన్ని ఈ సగటులతో కొలవొద్దని తేల్చారు. పదోన్నతి ఫైలులో ఫీడ్‌బ్యాక్ పెట్టాలనుకుంటే ఒక్క సెమిస్టర్‌ది కాకుండా కనీసం మూడు నాలుగింటివి పెట్టండి. నింపినవారి శాతం రాయండి, తోటివారు క్లాసు చూసి రాసిన నివేదిక, అసైన్‌మెంట్ల నమూనాలు జతచేయండి. రూపం మీద, యాస మీద పడ్డ తిట్లను లెక్చరర్ చూడకముందే మరొకరు తీసేయాలి.