వానలు పడకముందే పెర్ల్ వైట్ కారుకు రంగు: ముందుగా చూసుకోవాల్సినవి

పెర్ల్ వైట్ కారుకు రంగు వేయించే ఆలోచన ఉంటే జూన్ దాకా ఆగకండి. నైరుతి వచ్చాక, స్ప్రే బూత్ (రంగు కొట్టే మూసిన గది) లేని మామూలు షెడ్డులో ఈ పని పెట్టుకుంటే రెండుసార్లు చేయించుకోవాల్సి వస్తుంది. కోస్తాలో అక్టోబరు, నవంబరు కూడా తుఫాన్ల కాలమే కాబట్టి అక్కడ సంక్రాంతి నుంచి ఉగాది దాకా మంచి అదను. మామూలు తెలుపులో మచ్చ పడితే ఆ డోరు ఒక్కటీ రుద్ది మళ్లీ కొట్టేయొచ్చు. పెర్ల్‌లో ఆ వెసులుబాటు లేదు. ఎన్ని కోట్లు పడ్డాయి, స్ప్రే గన్ ఎంత దూరంలో కదిలింది, థిన్నర్ ఎంత త్వరగా ఆరింది అన్నదాన్ని బట్టి ఒకే డబ్బాలోని రంగు రెండు రకాలుగా కనిపిస్తుంది.

కారణం తెలిస్తే జాగ్రత్త దానంతటదే వస్తుంది. పెర్ల్ వైట్ మూడు పొరల పని. అడుగున గ్రౌండ్ కోటు, అంటే పూర్తిగా కప్పేసే తెలుపు. దాని మీద పెర్ల్ కోటు. ఇది సగం పారదర్శకం. గూడూరు గనుల వల్ల మనకు బాగా తెలిసిన అభ్రకమే దీనికీ ఆధారం. సన్నటి అభ్రకపు రేకులకు టైటానియం డయాక్సైడ్ పూత పూసి ఇందులో కలుపుతారు. పైన క్లియర్ కోటు, అంటే రంగు లేని మెరుపు పొర. వెలుతురు క్లియర్‌లోంచి, పెర్ల్‌లోంచి దూరి తెలుపుకు తగిలి వెనక్కి వస్తుంది. మధ్య పొర మందం కొంచెం మారినా కంటికి కనిపించే రంగు మారిపోతుంది. పెర్ల్ ఎక్కువైనకొద్దీ తెలుపు క్రీము వైపు జరుగుతుంది, పక్కనుంచి చూస్తే ముదురుగా కనిపిస్తుంది.

కోడ్ దగ్గరే జరిగే పొరపాటు

"తెలుపే కదా" అని చూపు అంచనాతో రంగు తెప్పించకండి. బండి మీది కంపెనీ ప్లేటులో రంగు కోడ్ చూడండి. టయోటాలో 040 సూపర్ వైట్, అది సాలిడ్, అంటే పెర్ల్ లేని మామూలు రంగు. 070 మూడు పొరల పెర్ల్. రెండూ పక్కపక్కన లేకపోతే అలవాటు లేని కన్ను తేడా పట్టలేదు. హోండాలో ఎన్‌హెచ్ 883పీ ప్లాటినమ్ వైట్ పెర్ల్, ఎన్‌హెచ్ 788పీ వైట్ ఆర్కిడ్ పెర్ల్. రెండూ తెలుపు పెర్ల్‌లే, రంగులు మాత్రం వేరు. మిక్సింగ్ సెంటరులో గ్రౌండ్ కోటు, పెర్ల్ కోటు విడివిడిగా రెండు డబ్బాలు ఇవ్వాలి. ఒక్క డబ్బాలో "పెర్ల్ కలిపేశాం" అంటే అది వేరే రంగు అవుతుంది, తీసుకోవద్దు.

పనికి మొత్తం ఎంత కావాలో అంతా ఒకేసారి కలిపించుకోండి. ఒక బానెట్‌కు థిన్నర్ కలిపాక గ్రౌండ్ 300, పెర్ల్ 400, హార్డెనర్‌తో (పొరను గట్టిపరిచే ద్రవం) కలిపి క్లియర్ 400 మిల్లీలీటర్ల చొప్పున లెక్క వేసుకుంటే సుమారుగా సరిపోతుంది. సగంలో అయిపోయి మళ్లీ కలిపించిన రంగు మొదటిదానితో అచ్చంగా కలవకపోవచ్చు. ఇక పెర్ల్‌లోని అభ్రకపు రేకులు బరువు కాబట్టి అడుగుకు దిగుతాయి. గన్ కప్పు నింపే ప్రతిసారీ డబ్బా అడుగు తగిలేలా కలపాలి.

బండి కంటే ముందు కార్డుకు కొట్టండి

పెర్ల్ పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, షెడ్లలో ఎక్కువగా ఎగ్గొట్టేదీ ఇదే. పరీక్ష కార్డుగా సుమారు అడుగు పొడవున్న రేకు ముక్క తీసుకుని ప్రైమర్ వేసి, దాని మీద ఒక మూల నలుపు తెలుపు గళ్ల స్టిక్కర్ అతికించండి. గళ్లు పూర్తిగా మాయమయ్యే దాకా గ్రౌండ్ కోటు కొట్టండి. ఎన్ని కోట్లకు మాయమయ్యాయో రాసుకోండి, బండి మీదా అన్నే పడాలి. ఆరాక రేకును అడ్డంగా నాలుగు పట్టీలు అనుకుని, పై మూడింటినీ కాగితంతో కప్పి అడుగు పట్టీకి పెర్ల్ ఒక కోటు వేయండి. అది ఆరాక కాగితాన్ని ఒక పట్టీ పైకి జరిపి, తెరిచి ఉన్న రెండింటికీ వేయండి. ఇలా పైదాకా వెళితే అడుగు పట్టీకి నాలుగు కోట్లు, పై పట్టీకి ఒకటి పడతాయి. మొత్తానికి క్లియర్ వేసి పూర్తిగా ఆరనివ్వండి. క్లియర్ లేకుండా పోల్చడం దండగ.

కార్డును పట్టి చూసే చోట బండిని ముందు కాంపౌండుతో రుద్ది మెరిపించాలి, లేకపోతే మాసిన తెలుపుతో కొత్త తెలుపును పోల్చినట్టవుతుంది. ట్యూబులైటు కింద తీర్పు చెప్పకండి. ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి, ఎదురుగా నిలబడి, ఆ తర్వాత బాగా పక్కకు జరిగి చూడండి. ఎదురుగా కలిసి పక్కనుంచి విడిపోతే కోట్ల సంఖ్య తప్పినట్టే. కార్డు కొట్టిన గన్, అదే ప్రెజర్, అదే థిన్నర్, అదే మనిషి బండికీ ఉండాలి. ఆ వివరాలన్నీ కార్డు వెనక రాయండి.

కార్డు కలిసినా, డోరు ఒక్కటే రంగు వేసి ఆపితే అంచు దగ్గర తేడా కనిపిస్తుంది. గ్రౌండ్ కోటును రిపేరు చోటికే పరిమితం చేసి, పెర్ల్‌ను ఒక్కో కోటుకు పది పదిహేను సెంటీమీటర్లు దాటిస్తూ పక్క ఫెండర్‌లోకి, వెనక డోరులోకి పలచబరచాలి. ఆ పక్క పీసులకు అంచు నుంచి అంచు దాకా క్లియర్ కొట్టాలి. అంటే డోరు ఒక్కటి పాడైనా పని మూడు పీసులది. యజమానికి ఈ సంగతి ముందే చెప్పి ఒప్పించాలి, ఖర్చు తగ్గించమని అడిగినా ఇక్కడ తగ్గకూడదు.

తేమ, నూనె, పురుగులు

గాలి 28 డిగ్రీలు, తేమ 85 శాతం ఉంటే రేకు 25 డిగ్రీలకు చల్లబడగానే దాని మీద కంటికి కనిపించని మంచు పడుతుంది. రాత్రంతా షెడ్డులో ఉన్న బండి రేకు తెల్లవారాక సరిగ్గా అలాగే ఉంటుంది. మంచు పట్టే ఆ ఉష్ణోగ్రత కంటే రేకు కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉంటేనే గన్ పట్టండి. తేమ 75 శాతం దాటితే ఆ రోజుకు ఆపేయడం మేలు. త్వరగా ఆరే థిన్నర్ వాడితే అది ఎగిరిపోతూ రేకును ఇంకా చల్లబరుస్తుంది, క్లియర్ కింది రంగు పొర పాలు చల్లినట్టు తెల్లగా మసకబారుతుంది. పెర్ల్ తెలుపులో ఈ మసక వెంటనే కంటపడదు, క్లియర్ పడ్డాకే బయటపడుతుంది. ఇక క్లియర్‌లోని హార్డెనర్ నీటితో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. సూదిమొన బుడగలు, మెరుపు చచ్చిపోవడం అందువల్లే.

నీరు ఎక్కువగా వచ్చేది కంప్రెసర్ నుంచే. ట్యాంకు కింది కుళాయి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తెరిచి నీళ్లు పూర్తిగా వదలండి. ఫిల్టరును కంప్రెసర్ పక్కన బిగించడం తప్పు. అక్కడ గాలి వేడిగా ఉంటుంది, ఆవిరి ఫిల్టరు దాటిపోయి పైపులో చల్లబడి నీరవుతుంది. కనీసం 8 మీటర్ల పైపు దాటాక, గన్‌కు దగ్గరగా ఉండాలి. పరీక్ష చాలా సులువు. శుభ్రంగా తుడిచిన అద్దం మీద ఉత్త గాలి ఒక నిమిషం ఊది వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. ఆవిరి పట్టినట్టున్నా, వేలితో రాస్తే జిడ్డు గీత పడినా రంగు కలపొద్దు.

రంగు చిన్న గుంటలుగా విడిపోయి, మధ్యలో అడుగు కనిపిస్తూ చేప కన్నులా తయారైతే అది సిలికాన్ పని. టైర్ పాలిష్, డ్యాష్‌బోర్డు పాలిష్ అదే షెడ్డులో కొడితే గాలిలో తేలి వచ్చి వాలుతుంది. తలకు రాసుకున్న నూనె చేతికి అంటి రేకు మీద పడ్డా గుంటలే. డీగ్రీజర్‌తో (జిడ్డు తీసే ద్రవం) తడిపిన గుడ్డతో తుడిచి, అది ఆరిపోకముందే రెండో పొడి గుడ్డతో ఎత్తేయండి. ఒక్క గుడ్డతో రుద్దితే జిడ్డు పరుచుకుంటుందే తప్ప పోదు.

దుమ్ము లేవకుండా నేల తడపడం అలవాటు. తేమ కాలంలో అది ఎదురు తిరుగుతుంది. ముందురోజే ఊడ్చి కడిగి ఆరనివ్వండి. తొలకరి పడితే సాయంత్రం లైటు వేయగానే ఉసిళ్లు వస్తాయి, తడి తెలుపు వాటిని ఇంకా పిలుస్తుంది. చీకటి పడేలోపు క్లియర్ ముట్టుకుంటే అంటని స్థితికి రావాలి.

మే ఎండలోనూ చిక్కులున్నాయి. తెలంగాణ, రాయలసీమల్లో ఉదయం 7 నుంచి 10 లోపు, నీడలో కొట్టండి. మధ్యాహ్నం కొడితే రంగు రేకును చేరేలోపే ఆరి పొడిలా పడుతుంది, అభ్రకపు రేకులు చదునుగా పరుచుకోక మబ్బులు మబ్బులుగా కనిపిస్తుంది. నిదానంగా ఆరే థిన్నర్, హార్డెనర్ తెప్పించండి. ఆ వేడిలో కలిపిన క్లియర్ కప్పులోనే త్వరగా చిక్కబడుతుంది, అందుకే ఒక కోటుకు సరిపడా మాత్రమే కలపండి.

గన్ పట్టాక

పుట్టీ మీద నేరుగా పెర్ల్ పనికి దిగకండి. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ నెలల తరబడి కుంగుతుంది, దాని అంచులు మ్యాప్‌లా పైకి తేలతాయి. హార్డెనర్ కలిపే పుట్టీ, దాని మీద హార్డెనర్ కలిపే సర్ఫేసర్ (రంగుకు ముందు చదును చేసే పూత) వాడండి. సర్ఫేసర్‌ను 320 నంబరు పేపరుతో చదును చేసి, చివరికి 600 నంబరు వాటర్ పేపరుతో ముగించండి. పలచబరిచే పక్క పీసులకు 1000 లేదా అంతకంటే సన్నం. హ్యాండిళ్లు, బీడింగులు విప్పేయండి, టేపు అంచు దగ్గర రంగు ముందుగా లేస్తుంది. ప్లాస్టిక్ బంపర్‌కు ప్లాస్టిక్ ప్రైమర్ తప్పనిసరి.

1.3 మి.మీ. నాజిల్, గన్ దగ్గర సుమారు 2 బార్ (29 పీఎస్ఐ), దూరం 15 నుంచి 20 సెంటీమీటర్లు. మామూలు రంగుకు వరుస మీద వరుస సగం పడితే చాలు, పెర్ల్‌కు ముప్పాతిక పడాలి. లేకపోతే చారలు తేలతాయి. డోరు కింది భాగం దగ్గర చేయి వంగి గన్ వాలడం వల్లే అక్కడ రంగు ముదురుతుంది, మోకాలి మీద కూర్చుని కొట్టండి. కోటుకు కోటుకు మధ్య మెరుపు పోయి మ్యాట్ అయ్యేదాకా ఆగాలి, సాధారణంగా 5 నుంచి 10 నిమిషాలు. క్లియర్‌కు ముందు 20 నిమిషాలు. తొందరపడితే లోపల చిక్కిన థిన్నర్ తర్వాత బుడగలై పగులుతుంది. క్లియర్, హార్డెనర్ చాలావాటికి 2:1. డబ్బా మీద చూసి, గీతలున్న కప్పుతో కొలవండి. ఎక్కువ హార్డెనర్ పోస్తే త్వరగా ఆరుతుందనేది అపోహ, పొర పెళుసవుతుంది. రెండు నిండు కోట్లు, ఆరాక 50 మైక్రాన్లకు తగ్గకూడదు.

ఊపిరి సంగతి

హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. హాని చేసే మోతాదులో ఉన్నా ముక్కుకు వాసన తెలియదు. ఒకసారి శరీరానికి పడకుండా పోతే ఆ తర్వాత కొద్ది మోతాదుకే ఉబ్బసం వస్తుంది, ఆ మనిషి ఈ వృత్తి వదులుకోవాల్సి రావచ్చు. ముఖానికి కట్టిన రుమాలు దుమ్మును కూడా సరిగా ఆపదు. శుభ్రమైన గాలి పైపుతో అందే మాస్కే సరైనది. కళ్లద్దాలు, నైట్రైల్ గ్లవుజులు, పొడుగు చేతుల చొక్కా ఉండాలి. గన్ ఆపగానే మాస్కు తీయకండి, గాలిలో తేలే రంగు తుంపర పూర్తిగా బయటికి పోవాలి. పైపు పట్టుకుని పక్కన నిలబడే కుర్రాడికీ ఇవన్నీ వర్తిస్తాయి, అతనికి మాస్కు లేకపోతే లోపలికి రానివ్వొద్దు. థిన్నర్ ఆవిరి గాలికంటే బరువు, నేలబారుగా పాకి పక్క షెడ్డులోని వెల్డింగు దాకా పోతుంది. అక్కడ పని ఆగాకే మొదలుపెట్టండి.

బండి బయటికి వచ్చాక

స్ప్రే బూత్‌లో రేకు 60 డిగ్రీల వద్ద అరగంట కాలితే మర్నాడు ఇవ్వొచ్చు. గాలికి ఆరినదైతే కనీసం 24 గంటలు వాన చినుకు తగలకూడదు. వారం దాకా షాంపూ వద్దు, మంచినీళ్లు చాలు. నెల దాకా వ్యాక్స్ వద్దు. కొత్త రంగు మీద కవర్ కప్పడం మంచిదనుకుంటారు. తడిసిన కవర్ కింద ఆవిరి చిక్కి క్లియర్ మీద మచ్చలు కడుతుంది, కప్పొద్దు. జూన్, జూలైలో నేరేడు చెట్టు కింద నిలపకండి. రాలిన పండూ, ఆ పండు తిన్న పిట్టల రెట్టా తెలుపు మీద ఊదా మరకలు వేస్తాయి. పడితే రుద్దకుండా తడి గుడ్డ పది నిమిషాలు పరిచి ఎత్తేయండి. పరీక్ష కార్డును, మిగిలిన పెర్ల్ డబ్బా మీది మిక్సింగ్ చీటీని బండి కాగితాలతో పాటు దాచండి. మరోసారి గీత పడినప్పుడు పెయింటర్ ముందుగా అడగాల్సింది వాటినే.