క్యూబా సంక్షోభం ఇలా చదవండి

నా దగ్గర గ్రూప్స్‌కి చదివేవాళ్లు 1962 క్యూబా క్షిపణి సంక్షోభం అనగానే ‘అమెరికా అధ్యక్షుడు కెనడీ గెలిచాడు, సోవియట్ నేత కృశ్చేవ్ తగ్గాడు’ అని రాసేస్తారు. అంత తేలిక కాదు బాబూ! ముందు మ్యాప్ తీయండి. అమెరికాలోని ఫ్లోరిడా కొసకి క్యూబా సుమారు 150 కిలోమీటర్లు. అక్కడ సోవియట్ యూనియన్ అణు క్షిపణులు పెట్టడంతోనే గొడవ మొదలైంది. ఇప్పుడు టర్కీ చూడండి. సోవియట్ సరిహద్దు దేశమైన అక్కడ అమెరికా జూపిటర్ అణు క్షిపణులు అప్పటికే ఉన్నాయి.

తర్వాత పేజీని నిలువుగా రెండు చేయండి. ఎడమవైపు, అమెరికా అందరి ముందు చెప్పింది: మీరు క్యూబాలోని క్షిపణులు తీసేస్తే దానిపై దాడి చేయం. కుడివైపు, చాటుగా ఒప్పుకున్నది: అక్టోబర్ 27 రాత్రి అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెనడీ సోవియట్ రాయబారి దోబ్రీనిన్‌ని కలిసి, టర్కీ క్షిపణులూ తీస్తాం, బయటికి మాత్రం పొక్కకూడదన్నాడు. 1963 ఏప్రిల్‌కల్లా తీసేశారు. మార్కులు కుడివైపే ఉన్నాయి.

ఆ 13 రోజుల తేదీలన్నీ బట్టీ పట్టక్కర్లేదు, 27 చాలు. ఆ రోజే క్యూబాపై అమెరికా యూ-2 గూఢచారి విమానాన్ని కూల్చేశారు. అయినా కెనడీ ఎదురుదాడి చేయించలేదు. ఎందుకో ఒక పేరా రాసి చూపించండి.