“మా చేనే మేడమ్” అంటే ఏం అడగాలి

ఆగస్టు చివర్లో ఒకసారి బడి హాజరు పట్టీ తెరవండి. పేర్లు కాదు, వాడలు చూడండి. ఒకే వాడ నుంచి వచ్చే నలుగురైదుగురు ఆడపిల్లలు ఒకే సోమవారం నుంచి రావడం మానేస్తే అది జ్వరం కాదు. పత్తి పూతకు వచ్చింది.

నేను గద్వాల చుట్టుపక్కల ఊళ్లలో ఇరవై తొమ్మిదేళ్లు పాఠాలు చెప్పి, ప్రధానోపాధ్యాయురాలిగా రిటైరయ్యాను. మా వైపు వేసేది ఎక్కువగా సీడు పత్తి, అంటే హైబ్రిడ్ విత్తనం కోసం పెంచే పత్తి. మొన్నీమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక టీచరమ్మ ఫోను చేసింది. “మేడమ్, పిల్లను బడికి పంపండి అంటే, మా చేనే కదా, ఇంటికి సాయం చేసుకోవచ్చని చట్టమే చెప్పింది కదా అంటున్నారు. నాకు ఏం చెప్పాలో తోచలేదు” అంది. ఆ అమ్మాయికి చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను. టీచర్లకే కాదు, బడి యాజమాన్య కమిటీలో ఉన్నవాళ్లకు, ఊళ్లో నలుగురితో మాట్లాడగలిగిన ఎవరికైనా పనికొస్తుంది.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోండి. ఆ తండ్రి చెప్పింది అబద్ధం కాదు. 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. పార్లమెంటులో ఆ బిల్లును నడిపించిన కార్మిక మంత్రి మన బండారు దత్తాత్రేయ గారే. సవరణ ఒక చేత్తో బిగించింది: పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదంది. అంతకుముందు కొన్ని పనులకే నిషేధం ఉండేది. రెండో చేత్తో సడలించింది: బడి వేళల తర్వాత, సెలవుల్లో, చదువుకు అడ్డు రాకుండా, ప్రమాదం లేని పనుల్లో కుటుంబానికి సాయం చేయవచ్చంది. సినిమాలు, సీరియళ్లలో నటించే పిల్లలకూ షరతులతో మినహాయింపు ఇచ్చింది. ప్రమాదకరమైన పనుల పాత జాబితాలో 18 వృత్తులు, 65 ప్రక్రియలు ఉండేవి. దాన్ని మూడు పద్దులకు కుదించి, గొడవ అయ్యాక 2017లో మళ్లీ పెంచారు.

ఈ సడలింపు మీద వాదన ఇంకా తెగలేదు. సాయానికీ సంపాదనకూ తేడా ఎవరు తేలుస్తారని పార్లమెంటు స్థాయీ సంఘం 2013లోనే అడిగింది. జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలైన శాంతా సిన్హా గారూ గట్టిగానే వ్యతిరేకించారు. బడిలో లేని ప్రతి పిల్లా పనిలో ఉన్నట్టే లెక్క అన్నది ఆమె నడిపిన ఎం.వి. ఫౌండేషన్ మొదటి నుంచీ పట్టుకున్న మాట.

అవతలి పక్షం మాటను నేను కొట్టిపారేయను. గద్వాలలో ఒక నేత కార్మికుడు నాతో అన్నాడు: “అమ్మా, పదేళ్లప్పుడు కండెలు చుట్టనివ్వకపోతే పద్దెనిమిదేళ్లకు మగ్గం మీద కూర్చోడు.” నిజమే. మా నాన్న దర్జీ. బడి నుంచి వచ్చాక నేనూ చొక్కాలకు గుండీలు కుట్టాను, నాకేమీ నష్టం జరగలేదు. అయితే లెక్కల పరీక్ష ఉన్న వారం మా నాన్న సూది నా చేతికి ఇచ్చేవాడు కాదు. తేడా అంతా అక్కడుంది. దాన్ని కొలిచే పని చట్టం మన మీద వదిలేసింది కాబట్టి కొలవడం నేర్చుకోవాలి.

నేను మొదట అడిగేది ఒక్కటే: “ఏ పూట పని?”

పత్తి పువ్వుకు దాని గడియారం ఉంది. రేపు విచ్చుకునే మొగ్గను ఈ రోజు మధ్యాహ్నం నుంచి చీకటి పడేలోగా గుర్తుపట్టి, బొటనవేలి గోటితో చుట్టూ గీరి, రేకులతో పాటు పుప్పొడి భాగాన్ని వలిచేస్తారు. మధ్యలో సన్నని కాడ ఒకటి మిగులుతుంది. దానికి గోరు తగిలిందా, ఆ కాయ పోయినట్టే. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి ఆ కాడకు రాస్తారు. ఇదే క్రాసింగ్. మధ్యాహ్నమైతే ఆ పుప్పొడి పనికిరాదు. పూత ఉన్నన్నాళ్లూ, రెండు మూడు నెలలపాటు, ఒక్క రోజు ఆపినా ఆనాటి పూత దక్కదు.

కాబట్టి పిల్ల క్రాసింగ్‌కు వెళుతోందంటే బడి మొదటి గంట మోగే వేళకు చేలో ఉన్నట్టే. ఇక చేను ఎవరిదైనా ఒకటే. మినహాయింపు ఉన్నది బడి వేళల తర్వాతే గదా, పువ్వేమో బడి అయిపోయేదాకా ఆగదు. ఈ మాట రైతుకు చట్టం కన్నా ముందు అర్థమవుతుంది, ఎందుకంటే పువ్వు సంగతి మనకన్నా ఆయనకే బాగా తెలుసు.

“లేదు మేడమ్, సాయంత్రం మొగ్గలు గిల్లడానికే” అంటే ఆ చట్టం కింద వచ్చిన 2017 నిబంధనలు చెప్పండి. రాత్రి ఏడు నుంచి పొద్దున ఎనిమిది దాకా పిల్లలతో పని చేయించకూడదు. రోజుకు మూడు గంటలు మించకూడదు. ఆ సాయం కుటుంబానికో పిల్లకో డబ్బు తెచ్చిపెట్టే ఉత్పత్తిలో భాగం కాకూడదు. చివరిది చాలామందికి తెలియదు. విత్తనం కంపెనీకి వెళ్లే పత్తిలో పిల్ల చేసే పని ఇంటి ముందు ముగ్గు వేయడం లాంటిది కాదని ఈ ఒక్క నిబంధనతో చెప్పొచ్చు.

రెండో ప్రశ్న: “చేను ఎవరిది?”

ఇక్కడే కొత్తవాళ్లు చిత్తవుతారు. మన ఊళ్లలో అందరూ అందరికీ ఏదో ఒక వరస. మేస్త్రీ మామ, ఆసామి పెదనాన్న, ఆటో నడిపేవాడు అన్న. “వాళ్ల బాబాయి చేనే” అనగానే మీరు తల ఊపి వచ్చేస్తారు. చట్టంలో కుటుంబం అంటే అమ్మ, నాన్న, తోబుట్టువులు, అమ్మానాన్నల తోడబుట్టినవాళ్లు. అంతే. నవ్వొచ్చే సంగతి, ఆ వాక్యంలో తాతా నానమ్మా లేరు. అందుకని వరస అడగకండి, “మీ నాన్నా ఆయనా ఒక తల్లి బిడ్డలేనా?” అని అడగండి. నిజంగా బాబాయి అయితే వెంటనే అవునంటారు. కాకపోతే ఒక క్షణం ఆగి, “వరసకు” అంటారు. ఆ క్షణం మీకు చాలు.

మూడోది డబ్బు. “కూలి ఎంత ఇస్తున్నారు?” అంటే ఎవరూ చెప్పరు. “ఆర్గనైజరు దగ్గర అడ్వాన్సు ఎప్పుడు తీసుకున్నారు?” అని, అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు అడగండి. కంపెనీకీ రైతుకూ మధ్య ఉండే మనిషి ఆర్గనైజరు. రైతుకు పెట్టుబడి అతని దగ్గరి నుంచే వస్తుంది, అందులోంచే కొంత కూలీల ఇళ్లకు ముందే చేరుతుంది. జూన్‌లో అప్పు తీసుకున్న ఇంటి నుంచి ఆగస్టులో పిల్ల చేనుకు పోతే అది సాయం కాదు, అప్పు తీర్చడం. ఆ మాట ఆ తల్లికీ తెలుసు, నోటితో చెప్పదు. మీరూ చెప్పించకండి.

“చిన్న చేతులైతేనే పువ్వు నలగదు మేడమ్” అని చాలాసార్లు విన్నాను. పెద్దవాళ్ల చేతులతో చేసిన క్రాసింగ్‌లోనూ కాయలు చక్కగానే నిలిచాయి. చిన్న చేతులకు ఇచ్చే కూలి కూడా చిన్నది, అసలు విషయం అది. మొక్క ఆ పిల్లల ఛాతీ దాకా ఉంటుంది. మందు కొట్టిన మర్నాడు ఆకులు తాకేది ముఖం దగ్గరే.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను, మీరు చేయకండి. ఉద్యోగంలో చేరిన ఐదో ఏడు గట్టు మీద నిలబడి, పోలీసులకు చెబుతాను అని అరిచాను. పిల్ల తల్లి ఏమీ మాట్లాడలేదు. మర్నాటికి ఆ పిల్లను కర్ణాటక సరిహద్దు అవతల చుట్టాల ఊరికి పంపేశారు, అక్కడా పత్తే. రెండేళ్ల దాకా మళ్లీ నా కంటపడలేదు. పోనీ ఆ బెదిరింపు చట్టంలో అయినా ఉందా? తల్లిదండ్రులను మొదటి తప్పుకు ఇప్పుడు శిక్షించరు. మళ్లీ చేస్తే పదివేల దాకా జరిమానా. పనిలో పెట్టుకున్న యజమానికి మాత్రం ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, లేదా ఇరవై వేల నుంచి యాభై వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ అంకెలు అమ్మకు కాదు, ఆసామికి వినబడాలి. అదీ రచ్చబండ మీద కాదు. ఆయన ఒంటరిగా టీ తాగుతున్నప్పుడు, మెల్లగా. పరువు పోకుండా వెనక్కి తగ్గే దారి ఇస్తే చాలామంది తగ్గుతారు.

ముప్పై రోజులు వరసగా చెప్పాపెట్టకుండా రాని పిల్ల గురించి ప్రధానోపాధ్యాయులు నోడల్ అధికారికి, అంటే ఈ చట్టం అమలు చూసే అధికారికి, తెలపాలని నిబంధన. మీరు అంతదాకా ఆగితే పూత సగం అయిపోతుంది. నేను ఐదో రోజే ఇంటికి వెళ్లేదాన్ని. అదీ సాయంత్రం ఏడు తర్వాత, ఎందుకంటే అంతకుముందు ఇంట్లో ఎవరూ ఉండరు.

మాటలతో పని కాకపోతే పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయండి. కేంద్ర కార్మిక శాఖ పెన్సిల్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టవచ్చు. తెలంగాణలో ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో తనిఖీలు చేస్తారు. మా పూత ఆ రెండు నెలల్లోనూ ఉండదు మరి! ఫిర్యాదులో ‘మా ఊళ్లో బాల కార్మికులు ఉన్నారు’ అని రాస్తే అది ఫైలులో నిద్రపోతుంది. ఒకసారి నేను అలాగే రాసి ఒక కార్యాలయంలో ఇచ్చాను. మూడు వారాల తర్వాత ఒకాయన జీపులో వచ్చాడు, మధ్యాహ్నం రెండున్నరకు. క్రాసింగ్ అయిపోయి పిల్లలంతా చెట్టు కింద అన్నం తింటున్నారు. “పిల్లలు ఆడుకుంటున్నారు” అని రాసుకుని వెళ్లాడు. అప్పటి నుంచి ఇలా రాస్తున్నాను: ఏ దారిలో, ఏ బావి పక్క చేను, ఎంతమంది, పిల్లలను చేనుకు తీసుకెళ్లే ఆటో ఎన్నింటికి వస్తుంది, ఏ వేళకు వస్తే కనబడతారు. ఫోటో తీస్తే అధికారికి మాత్రమే ఇవ్వండి. పిల్లల ముఖాలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం చట్టరీత్యా నేరం, మంచి మనసుతో పెట్టినా సరే.

పద్నాలుగు నిండిన పిల్ల అయితే ఈ లెక్కలన్నీ మారిపోతాయి. పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్య పిల్లలకు ప్రమాదకరమైన పనులే నిషిద్ధం, పని మొత్తం కాదు. తొమ్మిదో తరగతి పిల్ల చేనుకు పోతే మన చేతిలో ఆయుధం దాదాపు లేనట్టే. నాకు పనికొచ్చింది ఒక్కటే, పదో తరగతి పాసైన అదే వాడ పిల్లను వెంటబెట్టుకుని వెళ్లడం. ఆమె నర్సింగ్ చదువుతోందని ఆ తల్లి చూడాలి. నేను చెబితే ఉపన్యాసం, ఆమె గడపలో నిలబడితే సాక్ష్యం.

పిల్ల తిరిగి వచ్చిందనుకోండి. చిన్న తరగతిలో కూర్చోబెట్టకండి. వయసుకు తగిన తరగతిలో చేర్చి, వెనకబడిన పాఠాలకు విడిగా శిక్షణ ఇవ్వాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. చివరి ఏడాది మా బడికి అలా ఒక పిల్ల తిరిగి వచ్చింది. రాయమంటే పెన్సిలు బొటనవేలికి ఆనించకుండా, మిగతా వేళ్ల మధ్య ఇరికించి పట్టుకుంది. ఏమిటని చెయ్యి తిప్పి చూశాను. గోటి కొస అరిగిపోయి, గోటి చుట్టూ చర్మం పచ్చిగా ఉంది. మొగ్గల పసరు మరక ఇంకా పోలేదు. రాత మాట పక్కనబెట్టి ఆ వారం దానికి గంట కొట్టే పని ఇచ్చాను. గంట కొట్టాలంటే అందరికన్నా ముందు రావాలి గదా.

ఆ వారమంతా మా బడి గంట రోజూ ఐదు నిమిషాలు ముందే మోగింది.