బస్తీ ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర రాయాలంటే

హైదరాబాదులో బస్తీ క్లబ్బు చరిత్ర అనగానే చాలామంది అధ్యక్షుల జాబితాతో మొదలుపెట్టి సన్మానాల ఫొటోలతో ముగిస్తారు. దాన్ని సావనీరు అంటారు. చరిత్ర అంటే ఎవరు ఆడారు, ఏ గ్రౌండులో, ఎవరి మీద, స్కోరెంత అన్నవి తేలాలి. చిక్కంతా సంవత్సరాల దగ్గరే వస్తుంది. పెద్దవాళ్లు "పోలీస్ యాక్షన్ అయినంక", "రహీమ్ సాబ్ ఉన్నప్పుడు" అని చెప్తారు. మొదటిది 1948 సెప్టెంబరు తర్వాత ఎప్పుడైనా కావచ్చు. సిటీ పోలీస్ జట్టుకూ భారత జట్టుకూ కోచ్‌గా ఉన్న సయ్యద్ అబ్దుల్ రహీమ్ చనిపోయింది 1963 జూన్‌లో కాబట్టి రెండోది అంతకు ముందు ఎప్పుడైనా కావచ్చు.

ముందు ఒక పొడవాటి రిజిస్టరు తీసుకుని ఏడు గడులు గీయండి: తేదీ, పోటీ, ఎదుటి జట్టు, గ్రౌండు, స్కోరు, ఆధారం, నమ్మకం. చివరి గడిలో ఒక అక్షరం చాలు. అచ్చులోనో కాగితం మీదో ఉంటే "అ", ఇద్దరు విడివిడిగా చెబితే "ఆ", ఒక్కరే చెబితే "ఇ". "ఇ" ఉన్నవాటిని పుస్తకంలో "అంటారు" అనే మాటతోనే రాయాలి. ఈ గడి లేకపోతే ఆరు నెలల తర్వాత ఏది విన్నదో ఏది చూసిందో మీకే గుర్తుండదు.

కాగితాలు ఆగుతాయి, మనుషులు ఆగరు. అందుకే ఎనభై దాటినవాళ్ల దగ్గరికి ముందు వెళ్లండి. ఒక్కసారికి గంటన్నర మించొద్దు. ఫోను ఫ్లైట్ మోడులో పెట్టి మనిషికి అడుగు దూరంలో ఉంచండి, ఫ్యాను ఆపించండి. "ఏ సంవత్సరం?" అని అడిగితే ఏదో ఒక అంకె చెప్తారు, అది నమ్మడానికి లేదు. "అప్పటికి మీకు ఉద్యోగం వచ్చిందా? పెళ్లయిందా? గోల్‌కీపర్ ఎవరు? బూట్లు ఎవరెవరికి ఉండేవి?" అని అడగండి. ఉద్యోగం తేదీ సర్వీసు కాగితంలో దొరుకుతుంది, దాన్నుంచి మ్యాచ్ తేదీకి రావచ్చు. ఉర్దూలో చెబితే ఉర్దూ మాటలే, సికింద్రాబాదు కంటోన్మెంటు వైపు తమిళంలో చెబితే తమిళం మాటలే రాసుకోండి. అనువాదం తర్వాత.

వింతగా ఉందని ఏ మాటా కొట్టేయొద్దు. డ్రిబ్లింగ్ చేయకూడని టోర్నమెంటు, ఎడమ కాలి వాటం లేనివాళ్లు ఎడమ కాలితోనే ఆడాల్సిన టోర్నమెంటు అని ఎవరైనా అంటే నవ్వకండి. రహీమ్ అలాంటివి నిజంగానే పెట్టించారు. "మావాడు సంతోష్ ట్రోఫీ గెలిచాడు" అంటే మాత్రం సరిచూడాలి. అది రాష్ట్రాల జట్ల మధ్య జరిగే జాతీయ పోటీ. మన జట్టు హైదరాబాద్ పేరుతో గెలిచింది 1956-57, 1957-58లో, ఆంధ్రప్రదేశ్ పేరుతో 1965-66లో. మిగతా ఏళ్లలో అయితే అతను ఆడి ఉంటాడు, లేదా క్యాంపుకు వెళ్లి ఉంటాడు. అదీ గొప్పే. ఉన్నది ఉన్నట్టు రాయండి.

ఫొటోల విషయంలో తొందర పనికిరాదు. పాత ఫ్రేములో వానాకాలం తేమకు ఫొటో అద్దానికి అంటుకుపోతుంది. లాగితే మొహాలు అద్దం మీదే ఉండిపోతాయి. అలా అంటుకున్నదాన్ని విప్పకుండా నీడలో పెట్టి, అద్దం మీద మెరుపు పడకుండా కొంచెం పక్కనుంచి కెమెరాతో తీయండి. విడిగా ఉన్నవాటిని 600 డీపీఐలో స్కాన్ చేయండి. వెనక పేర్లు మెత్తని పెన్సిలుతోనే రాయాలి, బాల్ పెన్ను ముందువైపు గుచ్చుకుంటుంది.

ఇక ఫొటో ఎప్పటిది? నలుపు తెలుపు పలకల బంతి ఉంటే చాలావరకు 1970 తర్వాతిది, 1970 ప్రపంచ కప్పుతో ఆ బంతి పాపులర్ అయింది. తాడు కట్టిన తోలు బంతి అయితే అంతకు ముందుది కావచ్చు, కానీ పాత బంతితో ఏళ్లతరబడి ఆడినవాళ్లున్నారు. 1952 ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాక మన ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. లీగు జట్టు వట్టి కాళ్లతో నిలబడితే 1950ల మొదటి సగం దగ్గర వెతకండి. బస్తీ పిల్లల ఫొటో అయితే ఈ లెక్క పనికిరాదు. షీల్డు మీదో టికెట్టు మీదో "లాల్ బహదూర్ స్టేడియం" అని అచ్చై ఉంటే 1967కు ముందుది కాదు. అంతకు ముందు అది ఫతే మైదాన్. అయితే నోటి మాటలో ఫతే మైదాన్ ఇప్పటికీ బతికే ఉంది, దాన్ని బట్టి తేదీ కట్టొద్దు.

లెటర్‌హెడ్ మీద ఆరంకెల పిన్ కోడు ఉంటే 1972 ఆగస్టు తర్వాతిది. చందా పుస్తకంలో అణాలుంటే చాలావరకు 1957 ఏప్రిల్‌కు ముందుది. అంతకన్నా పాత పుస్తకాల్లో హాలీ సిక్కా (నిజాం రూపాయి), కల్దార్ (బ్రిటిష్ ఇండియా రూపాయి) అని రెండు లెక్కలు కనిపిస్తాయి. ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరు కల్దార్ రూపాయలు. రెండూ కలిపి కూడితే మొత్తం తప్పు.

ఫస్లీ సంవత్సరం దగ్గర ఎక్కువమంది బోల్తా పడతారు. నిజాం కాలం కాగితాల మీద తేదీ ఫస్లీలో, అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్కలో, ఉంటుంది. ఆ ఏడు అక్టోబరు మొదట్లో ఆజూర్ నెలతో మొదలవుతుంది. మొదటి మూడు నెలలకు 590, మిగతావాటికి 591 కలపాలి. 1352 ఆజూర్ అంటే 1942 అక్టోబరు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు మీద "1350 ఫస్లీ" అని చూసి క్లబ్బు 1940లో పుట్టిందని రాయకండి. అది చట్టం పేరులో ఉన్న సంవత్సరం. 2001లో కొత్త చట్టం వచ్చేదాకా తెలంగాణ ప్రాంతంలో సంఘాలన్నీ ఆ చట్టం కిందే రిజిస్టరయ్యాయి. క్లబ్బుది నంబరు పక్కన ఉన్న సంవత్సరం. అది కూడా రిజిస్టరైన ఏడే. ఆట అంతకు ముందే మొదలై ఉండవచ్చు.

పత్రికల కోసం అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, సుల్తాన్ బజారు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం తిరగాలి. పాత కాలానికి ఉర్దూ చదివే మనిషి తోడు ఉండాల్సిందే. ఊరికే తిరగేయకుండా, రిజిస్టరులో తేదీ సుమారుగా తెలిసిన మ్యాచులు పట్టుకుని ఆ రోజుకు మరుసటి మూడు రోజుల సంచికలు చూడండి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు కొట్టిన రోజుల్లో స్థానిక లీగు వార్త రెండు మూడు లైన్లకే పరిమితమై ఉంటుంది, పేజీ అడుగున వెతకండి. క్లబ్బు పేరు అక్షరాలు కూడా మారిపోతుంటాయి.

రాసేటప్పుడు అధ్యాయాలు అధ్యక్షుల పేరుతో కాకుండా జట్ల పేరుతో పెట్టండి. ప్రతి జట్టు కింద పదకొండు మంది పేర్లు, స్థానాలు, తర్వాత పోలీసుకో రైల్వేకో బ్యాంకుకో ఎవరు వెళ్లారో రాయండి. మంచి ఆటగాడికి ఉద్యోగం రావడం, బస్తీ జట్టు డీలా పడటం చాలాసార్లు ఒకే సీజనులో కనిపిస్తాయి. వివరాలు దొరకని ఏళ్లను ఖాళీగానే వదలండి.

అచ్చుకు డెమ్మీ సైజు చాలు. పేజీలు పదహారు చొప్పున లెక్క పెట్టుకోండి, 64 లేదా 80. ఫొటో కింద పేర్లను ఆయా ఇళ్లకు పంపి చూపించండి. అయినా పుస్తకం బయటికి వచ్చిన వారంలో "మా నాన్న రెండో వరసలో ఉన్నాడు కదా" అని ఫోన్లు వస్తాయి. 300 కాపీలు అనుకుంటే ముందు 100 వేయించండి, మిగతా 200 దిద్దాక.