పదో తరగతి తర్వాత కాలేజీకి: ఒడిశా సరిహద్దు తెలుగు పిల్లలు ఎలా సిద్ధం కావాలి?

పర్లాకిమిడిలోనో కాశీనగర్‌లోనో పదో తరగతి పరీక్షలు ముగుస్తుండగానే ఇంట్లో చర్చ మొదలవుతుంది. పిల్లను పాతపట్నం దాటించి ఆంధ్రాలో ఇంటర్ చదివించాలా, ఇక్కడే ప్లస్ టూలో చేర్చాలా? శ్రీకాకుళంలోని మేనమామ ఒకటి చెబుతాడు, బరంపురంలోని బాబాయి ఇంకొకటి చెబుతాడు. ఈలోగా విశాఖ నుంచి కార్పొరేట్ కాలేజీ పీఆర్వో రంగుల పుస్తకం పట్టుకుని గుమ్మంలోకి వచ్చేస్తాడు. రాయగడ, గుణుపురం, కొరాపుట్ వైపు కూడా ఇదే వరస.

కాలేజీ జీవితం గురించి సలహాలు మామూలుగా టైంటేబుల్‌తో మొదలవుతాయి. మన జిల్లాల్లో మాత్రం ఏ రాష్ట్రంలో చేరాలన్న దగ్గరే మొదలుపెట్టాలి. బడిలో ఉన్నన్నాళ్లూ తేదీలు, ఫారాలు, సంతకాలు మేష్టార్లే చూసుకున్నారు. ఇకనుంచి ఆ పని మీదే, పైగా రెండు రాష్ట్రాల నిబంధనలు చూసుకోవాలి.

1. చేరే సీటు కన్నా ముందు, రెండేళ్ల తర్వాతి సీటు చూడండి

పదో తరగతి దాకా ఒడిశాలో చదివి, ఇంటర్ మాత్రం ఆంధ్రాలో చదివిన పిల్లల సంగతి తీసుకుందాం. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆంధ్రాలో కన్వీనర్ కోటా (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నింపే) సీట్లలో 85 శాతం స్థానికులవి. స్థానికులుగా లెక్కకు రావాలంటే, అర్హత పరీక్ష రాసే ఏడాదితో కలిపి వరుసగా నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలి. తొమ్మిది, పది ఇక్కడ చదివితే ఆంధ్రాలో చదివినవి రెండేళ్లే అవుతాయి. ఆంధ్రా ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో ర్యాంకు ఎంత బాగా వచ్చినా కౌన్సెలింగ్‌లో మీరు నాన్ లోకల్. మిగిలిన 15 శాతం సీట్లకు ప్రయత్నించవచ్చు కానీ వాటికీ షరతులున్నాయి. తల్లిదండ్రుల్లో ఒకరు ఆంధ్రాలో పదేళ్లు నివసించి ఉండటం అలాంటి షరతుల్లో ఒకటి. అమ్మ పుట్టిల్లు టెక్కలి అయితే ఆ పాత కాగితాలు ఎక్కడున్నాయో ఇప్పుడే వెతికించండి.

కేంద్రం నడిపే ఇంజినీరింగ్ సంస్థలైన ఎన్‌ఐటీల లెక్క పూర్తిగా వేరు. వాటిలో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకు ఇస్తారు. సొంత రాష్ట్రమంటే పన్నెండో తరగతి పాసైన రాష్ట్రం. పుట్టిన ఊరితో, ఆధార్‌లో ఉన్న చిరునామాతో దానికి పని లేదు. శ్రీకాకుళంలో ఇంటర్ పాసైన పర్లాకిమిడి అమ్మాయికి తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ సొంత రాష్ట్రంలోది, రౌర్కెలా ఎన్‌ఐటీ పరాయిది. అంటే ఆ అమ్మాయి ఎన్‌ఐటీ దృష్టిలో ఆంధ్రా పిల్ల, ఆంధ్రా ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో ఒడిశా పిల్ల! ఈ చిక్కు పీఆర్వో రంగుల పుస్తకంలో కనబడదు.

డాక్టర్ కోర్సు అనుకునేవాళ్లకు ఇంకో సంగతి. నీట్ ప్రశ్నపత్రం తెలుగులో కావాలంటే పరీక్షా కేంద్రం ఆంధ్రాలోనో తెలంగాణలోనో ఉండాలి. ఒడిశాలో రాస్తే ఇంగ్లిష్, హిందీ, ఉర్దూ, ఒడియాల్లో ఒకటి ఎంచుకోవాలి. రాష్ట్ర కోటా సీటుకు ఏ నివాస పత్రం అడుగుతారో ఒడిశా కౌన్సెలింగ్ బ్రోచర్‌లోని అర్హతల పేజీలో ఉంటుంది. ఆ ఒక్క పేజీ తల్లిదండ్రులు, పిల్లలు కలిసి కూర్చుని చదవాలి.

నా మట్టుకు నేను చెప్పేదేమిటంటే, ఇంజినీరింగో మెడిసినో తప్ప వద్దని పిల్లలే పట్టుబడితే తప్ప పదిహేనేళ్లకే విశాఖ హాస్టల్‌కు పంపక్కర్లేదు. ఆర్ట్స్, కామర్స్ తీసుకునేవాళ్లకైతే అసలు అక్కర్లేదు. పర్లాకిమిడి కాలేజీ 1896 నాటిది. ఒడిశా రాష్ట్రం ఏర్పడింది 1936లో. అంటే రాష్ట్రం కన్నా నలభై ఏళ్లు పెద్దది. ఊళ్లోనే ఉందన్న చులకనతో చాలామంది ఆ గేటు ముందు నుంచే బస్సెక్కి వెళ్లిపోతారు.

2. సామ్స్ ఫారం మీ చేత్తో మీరే నింపండి

ఒడిశాలో ప్లస్ టూ ప్రవేశాలు సామ్స్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా జరుగుతాయి. ఒకే దరఖాస్తులో కాలేజీలను, గ్రూపులను ఇష్టం కొద్దీ వరుసగా పెట్టాలి. నెట్ సెంటర్‌లో నింపించుకున్నా పక్కన కూర్చుని మూడు విషయాలు చూడండి.

ఫోన్ నంబర్ మీ ఇంటిదే అయ్యుండాలి. పని త్వరగా తేలాలని సెంటర్ వాళ్లు తమ నంబర్ పెట్టేస్తుంటారు. ఆ తర్వాత వచ్చే ఓటీపీలన్నీ వాళ్లకే వెళ్తాయి, మీరు ప్రతిసారీ వాళ్ల చుట్టూ తిరగాలి.

రెండోది కాలేజీల వరుస. పైన పెట్టినది వచ్చిందంటే కింద పెట్టినవాటి సంగతి ఇక ఉండదు. స్నేహితుడు పెట్టాడని పైన పెట్టిన కాలేజీయే వస్తే తర్వాత మార్చమని అడిగే చోటు లేదు. కింది ఆప్షన్ వచ్చినప్పుడు పైదానికోసం ‘స్లైడ్ అప్’ అడగవచ్చు. అయితే పైది వస్తే మొదట వచ్చిన సీటు పోతుంది. అందుకే నిజంగా వెళ్తామనుకుంటేనే అడగాలి.

మూడోది భాష. ఎం.ఐ.ఎల్. (ఆధునిక భారతీయ భాష) అనే చోట ఒడియా, తెలుగు లాంటి భాషల్లో ఒకటి ఎంచుకోవాలి. ఫారంలో తెలుగు ఉన్నంత మాత్రాన ప్రతి కాలేజీలోనూ తెలుగు చెప్పేవాళ్లు ఉండరు. ముందే కాలేజీకి వెళ్లి, తెలుగు లెక్చరర్ ఉన్నారా, పోయినేడు ఎంతమంది తెలుగు తీసుకున్నారు అని ఆఫీసులో అడగండి. తెలుగు తీసుకున్నా ఒడియాను పూర్తిగా వదిలేయకండి. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాల్లో చాలావాటికి ఎం.ఇ. స్థాయిలో, అంటే ఏడో తరగతి స్థాయిలో ఒడియా పాసై ఉండాలి. బడిలో ఆ స్థాయి దాకా ఒడియా చదివుంటే దాన్ని చూపించే మార్కుల కాగితం జాగ్రత్తగా దాచుకోండి.

3. కాగితాల్లో పేరు ఒకటేనా చూడండి

మన దగ్గర ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశా రికార్డుల్లో అది చివరికి పోతుంది. లక్ష్మి అనే పేరు ఇంగ్లిష్‌లో ఒక కాగితంలో ‘ఎక్స్’తో ఉంటుంది, ఇంకో కాగితంలో ‘కె ఎస్ హెచ్’తో ఉంటుంది. వెంకట అన్న పేరు ఒడియాలోంచి తిరిగొచ్చేసరికి బెంకట అయిపోతుంది. ఇంట్లో ఇవన్నీ నవ్వుకునే విషయాలే. స్కాలర్‌షిప్ పోర్టల్ మాత్రం నవ్వదు, రిజెక్ట్ చేస్తుంది.

పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పేరునే అసలు పేరుగా పెట్టుకుని ఆధార్‌ను, బ్యాంకు పాస్‌బుక్‌ను దాని ప్రకారం సరిచేయించుకోవడం తేలిక. సర్టిఫికెట్‌లోనే తప్పుంటే బడి ప్రధానోపాధ్యాయుడి దగ్గర దరఖాస్తు పెట్టించి, బోర్డు ద్వారా దిద్దించుకోవాలి. దానికి సమయం పడుతుంది కనుక వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టండి.

చేతిలో ఉండాల్సినవి: పదో తరగతి మార్కుల జాబితా, సర్టిఫికెట్, బడి విడిచినట్టు ఇచ్చే సర్టిఫికెట్, కాండక్ట్ సర్టిఫికెట్, తహసీల్దారు ఇచ్చే కుల, ఆదాయ, నివాస పత్రాలు. ఆంధ్రా బోర్డుకు మారేవాళ్లకు వీటితోపాటు ఒడిశా బోర్డు మైగ్రేషన్ సర్టిఫికెట్, అక్కడి ఇంటర్ బోర్డు ఎలిజిబిలిటీ సర్టిఫికెట్ కూడా కావాలి.

కుల పత్రం విషయంలో ఇంకొంచెం జాగ్రత్త. ఎస్సీ, ఎస్టీ, వెనకబడిన తరగతుల జాబితాలు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానివే. ఆంధ్రాలో బీసీ జాబితాలో ఉన్న కులం ఒడిశా జాబితాలో లేకపోవచ్చు, ఉన్నా వేరే పేరుతో ఉండొచ్చు. అవతల ఉన్న పెదనాన్న కొడుక్కి వచ్చింది కాబట్టి మనకూ వస్తుందని అనుకోవద్దు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ సొంత రాష్ట్రమే ఇస్తుంది. చదువు ఆంధ్రాలో అయినా ఇల్లు గజపతి జిల్లాలో ఉంటే దరఖాస్తు పెట్టాల్సింది ఒడిశా స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే.

4. క్లాసు ఏ భాషలో నడుస్తుందో దానికి రెండు నెలలు ఇవ్వండి

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలకు మొదటి రెండు వారాలు బెంగగా ఉంటాయి. పుస్తకం ఇంగ్లిష్‌లో, సార్ వివరణ ఒడియాలో, ఆలోచన తెలుగులో. అందరికీ అర్థమవుతోంది, నాకొక్కడికే కావడం లేదు అనిపిస్తుంది. నిజానికి పక్క బెంచీలో కూర్చున్న సవర గిరిజన పిల్లవాడు ఇంట్లో మాట్లాడేది ఈ మూడూ కాని నాలుగో భాష.

ఒక నోటుబుక్‌లో మూడు వరుసలు గీయండి. ఇంగ్లిష్ పదం, సార్ ఒడియాలో అన్న మాట, తెలుగులో మీకు తెలిసిన మాట. కిరణజన్య సంయోగక్రియ తెలిసినవాళ్లు ఫోటోసింథసిస్‌ను కొత్తగా నేర్చుకోనక్కర్లేదు, పేరు పట్టుకుంటే చాలు. రోజుకు పది పదాలు రాసుకుంటే దసరా సెలవులకల్లా పాఠం నడక తెలుస్తుంది. భౌతిక, రసాయన శాస్త్రాల్లో వాడే పదాలు అనుకున్నంత ఎక్కువేమీ కావు.

మాట్లాడటానికి మాత్రం పుస్తకం పనికిరాదు. సీనియర్ అబ్బాయిని ‘భాయినా’ అని, అమ్మాయిని ‘అపా’ అని పిలిచి, తప్పొచ్చినా ఒడియాలోనే అడగండి. తెలుగువాళ్లమంతా ఒకే బెంచీ మీద కూర్చుంటే హాయిగానే ఉంటుంది కానీ నోట్సు, లాబ్ రికార్డు, పరీక్ష తేదీ మారిన కబురు అన్నీ అవతలి బెంచీలోనే ఆగిపోతాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూనే సవర భాష నేర్చుకున్నారు. వినేవాళ్లు దొరికితే భాష రావడానికి మన ఊళ్ల కన్నా మంచి చోటు లేదు.

5. మొదటి నెలలోనే సొంత టైంటేబుల్ వేసుకోండి

కాలేజీలో రోజూ హోంవర్కు చూసేవాళ్లు ఉండరు. మధ్యలో ఖాళీ పీరియడ్లు వస్తాయి, ఎవరూ ఏమీ అనరు. హాజరు 75 శాతం కన్నా తగ్గితే మాత్రం పరీక్ష ఫారం దగ్గర ఆపేస్తారు. కాశీనగర్, గుణుపురం నుంచి రైల్లోనో బస్సులోనో వచ్చేవాళ్లకు వర్షాకాలంలో ఎలాగూ కొన్ని రోజులు పోతాయి. కాబట్టి జూలై, ఆగస్టుల్లో అనవసరంగా మానేయకండి.

ప్లస్ టూ మొదటి ఏడాది పరీక్ష కాలేజీ స్థాయిలోనే జరుగుతుంది. బోర్డు మార్కులు 600 కూడా రెండో ఏడాదివే. అందుకని మొదటి ఏడాది తేలిగ్గా తీసుకుని చిక్కుల్లో పడేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. జేఈఈ, నీట్ సిలబస్‌లో పదకొండో తరగతి పాఠాలు కూడా ఉంటాయి. పన్నెండో తరగతి లెక్కలు కూడా పదకొండో తరగతి మీదే నిలబడతాయి.

విన్న పాఠం ఆ సాయంత్రమే అరగంట తిరగేయండి. అర్థంకాని చోట పెన్సిల్ గీత పెట్టి, మర్నాడు లెక్చరర్ స్టాఫ్‌రూమ్‌లో ఉన్నప్పుడు వెళ్లి అడగండి. క్లాసులో లేచి అడగడానికి సిగ్గుపడేవాళ్లకు ఇదే మంచి దారి. బడి మేష్టారిలా వాళ్లు మిమ్మల్ని పిలిచి అడగరు. మీరు వెళ్తే మాత్రం చెప్పడానికి విసుక్కునేవాళ్లు తక్కువ.

6. హాస్టల్లో ఉండేవాళ్లు

మెస్ తిండి గురించి ఎక్కువ రాయక్కర్లేదు. మన చద్దన్నం తిన్నవాళ్లకు పఖాళ కొత్త కాదు, పప్పు, కూరగాయలు కలిపి వండే డాల్మా వారంలో అలవాటవుతుంది. డబ్బు నెలకోసారి కాకుండా వారానికోసారి తెప్పించుకుంటే మొదటి నెల చివర అప్పు చేయాల్సిన పని ఉండదు.

సీనియర్లు పరిచయం పేరుతో ఆటపట్టించడం దాటి భయపెడితే, డబ్బు అడిగితే, కొడితే అది ర్యాగింగే. దాన్ని ఓర్చుకోవాలని ఏ పెద్దవాళ్లు చెప్పినా వినొద్దు. ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. జాతీయ యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఫోన్‌లో ముందు ‘ఎన్ని మార్కులొచ్చాయి’ అని అడిగితే పిల్లలు ‘బాగానే’ అని పెట్టేస్తారు. ‘ఈ వారం ఏ సార్ బాగా చెప్పారు, ఎవరితో కూర్చున్నావు’ అని అడిగితే బెంగ ఉందో లేదో గొంతులోనే తెలుస్తుంది.

7. దసరా సెలవుల్లో ఒక పని

మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు పాస్‌బుక్, ఆధార్ పట్టుకుని బ్యాంకుకు వెళ్లండి. స్కాలర్‌షిప్ డబ్బు ఆధార్‌తో ముడిపడిన ఖాతాలోకే వస్తుంది. ఖాతా ఉండటం వేరు, నేరుగా జమ అయ్యేలా ఆధార్ సీడింగ్ జరగడం వేరు. బడిలో ఉన్నప్పుడు తెరిచిన ఖాతా చాలాకాలం వాడక నిద్రపోయి ఉంటే కేవైసీ మళ్లీ చేయించుకోవాలి. అక్కడి నుంచి నెట్ సెంటర్‌కు వెళ్లి దరఖాస్తు ఏ దశలో ఉందో చూడండి. కాలేజీ పరిశీలన దగ్గరే ఆగిపోయి ఉంటే, సెలవులు అయిన మొదటి రోజే ఆ ప్రింటు తీసుకుని కాలేజీ ఆఫీసు గుమాస్తా దగ్గరికి వెళ్లాలి.