ఏళ్ళ తరబడి మాటల్లేని స్నేహితుడికి మళ్ళీ ఫోన్ చేయడం ఎలా?

రిటైరయ్యాక చాలామంది పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో చేరతారు. పొద్దున్నే పువ్వుల బొమ్మ పెట్టి శుభోదయం చెబుతారు. దాంతో అందరితో టచ్‌లో ఉన్నామనుకుంటారు. అదే గ్రూపులో ఒకడు నెల రోజులుగా పలక్కపోతే ఎవరికీ పట్టదు. వాడి జబ్బు సంగతి తెలిసేది ఫొటోకి దండ పడ్డాకే. సంక్రాంతికి జరిగే పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు, కార్తీకంలో వనభోజనాలు మంచివే, తప్పక వెళ్ళండి. కానీ అంతమంది మధ్య ఏ ఇద్దరికీ నిమ్మళంగా మాట్లాడుకునే వీలుండదు. పనేమీ లేకపోయినా ఒక్కరితో ఒక్కరు ఫోన్లో మాట్లాడుకుంటేనే పెద్దవయసులో స్నేహం నిలుస్తుంది.

కావలసినవి

నోటుపుస్తకం, గోడ క్యాలెండరు, పెన్ను, ఫోను. పుస్తకంలో ఆరుగురి పేర్లు రాయండి. అంతకు మించి వద్దు. ఇరవై పేర్లు రాసుకున్నవాళ్ళు రెండో నెల దాటి కొనసాగించగా నేను చూడలేదు.

నంబరు పట్టుకోవడం

పాత శుభలేఖలు దాచి ఉంటే సగం పని అయిపోయినట్టే, అడుగున అడ్రసు, ఫోన్ నంబరు ఉంటాయి. పాత డైరీలో ఆరంకెల ల్యాండ్‌లైన్ నంబరు కనబడితే ముందు 2 చేర్చి చూడండి. 2000ల మొదట్లో నంబర్లు అలా మారాయి. ఇప్పుడు వాటిలో చాలావరకు తీసేసే ఉంటారు గనక దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. వాళ్ళ ఊళ్ళో ఎరువుల కొట్టులోనో, రేషన్ డీలర్నో అడిగితే కొడుకు నంబరైనా దొరుకుతుంది. ఆడవాళ్ళ విషయంలో వెతుకులాట కాస్త ఎక్కువ. పెళ్ళితో ఇంటిపేరూ ఊరూ మారిపోతాయి కాబట్టి చిన్ననాటి స్నేహితురాలిని ఎప్పుడూ పుట్టింటి వైపు నుంచే వెతకాలి. వాళ్ళ అన్నయ్య దొరక్కపోయినా వదినకు ఆడపడుచు నంబరు తెలిసే ఉంటుంది.

నంబరు ఇచ్చినవాళ్ళను ఒక మాట అడగడం మరిచిపోవద్దు: “వాళ్ళింట్లో అందరూ ఎలా ఉన్నారు?” భార్యో భర్తో పోయిన సంగతి ముందే తెలియాలి. తెలియకుండా ఫోన్ చేసి “చెల్లెమ్మ బాగుందా?” అంటే అవతలివాడు దానికి జవాబు చెప్పుకోవాలి.

ముందుగా కార్డు రాయండి

కొత్త నంబరు నుంచి ఫోన్ వస్తే ఈ రోజుల్లో పెద్దవాళ్ళు ఎత్తరు. డిజిటల్ అరెస్టు మోసాల భయంతో పిల్లలే ఎత్తొద్దని చెప్పి ఉంటారు, సరిగ్గానే చెప్పారు. అందుకని ఒక పోస్టుకార్డు రాయండి. యాభై పైసలే. ఆరంకెల పిన్‌కోడ్ సరిగ్గా వేయండి. రాయాల్సింది నాలుగు ముక్కలు: “ఒరేయ్, బాపట్ల హాస్టల్లో నీ పక్క మంచం వాణ్ణి. ఇప్పుడు ఒంగోల్లో ఉంటున్నా. పైవారం గురువారం పొద్దున పదిన్నరకి ఈ నంబరు నుంచి ఫోన్ చేస్తా.” కింద నంబరు పెద్ద అంకెల్లో వేయండి. ఇదే సంగతి మెసేజి పెట్టొచ్చు కదా అంటారు. మెసేజి బ్యాంకు మెసేజీల అడుగున పడిపోతుంది. కార్డు టీవీ పక్కన నిలబడుతుంది, ఇంట్లో అందరూ చదువుతారు, గురువారానికి ఇల్లంతా సిద్ధంగా ఉంటుంది. అడ్రసు బొత్తిగా దొరక్కపోతేనే మెసేజి.

మొదటి ఫోను

ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే, తొలి రెండు నిమిషాల్లోనే. నెమ్మదిగా చదవండి.

ఫోన్ ఎత్తేది మీ స్నేహితుడు కాకపోవచ్చు. కోడలో, మనవడో ఎత్తుతారు. మీరెవరో, ఎక్కణ్ణుంచో, ఎందుకో మొదటి గుక్కలోనే చెప్పేయండి: “నమస్కారమమ్మా, ఒంగోలు నుంచి మాట్లాడుతున్నాను. మీ మామగారూ నేనూ బాపట్ల అగ్రికల్చర్ కాలేజీలో కలిసి చదువుకున్నాం. ఊరికే పలకరిద్దామని చేశాను, వేరే పనేం లేదు.” ఆ చివరి మాట తప్పనిసరి. ఎన్నో ఏళ్ళ తర్వాత ఫోన్ వచ్చిందంటే అవతల ముందు పుట్టేది భయం: ఎవరు పోయారో, ఎంత అప్పు అడుగుతారో, ఏ పాలసీ కట్టమంటారో. పనేం లేదన్నాకే వాళ్ళ గొంతు కుదుటపడుతుంది.

స్నేహితుడు లైన్లోకి రాగానే “నేనెవరో చెప్పుకో చూద్దాం” అనకండి. ఎంతమందికి చెప్పినా ఈ అలవాటు మానరు. డెబ్బై దాటిన మనిషికి మీ గొంతు గుర్తు రాకపోతే అది మీకు సరదా, అతనికి పరీక్ష. జ్ఞాపకశక్తి తగ్గుతున్న మనిషైతే ఆ సిగ్గుతో మళ్ళీ ఫోన్ దగ్గరికే రాడు. పైగా డబ్బు కొట్టేసే దొంగలు కూడా సరిగ్గా ఈ ప్రశ్నతోనే మొదలుపెడతారు. మీ పేరూ, ఊరూ, కలిసున్న చోటూ మీరే చెప్పండి. అయినా గుర్తు రాకపోతే ఒక్క ఆనవాలు అందించండి, మెస్సులో పప్పుచారు సంగతో, అర్ధరాత్రి సైకిలు మీద డబుల్స్ వెళ్ళిన సినిమా సంగతో. అప్పటికీ రాకపోతే వదిలేసి ఇవాళ్టి మాటలు మాట్లాడండి.

“ఇన్నాళ్ళూ నువ్వు ఒక్కసారైనా చేశావా?” అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. మింగేయండి. ఆ నిష్ఠూరం విన్నవాడు సంజాయిషీ చెప్పుకుంటాడు, ఫోన్ పెట్టేసి మళ్ళీ చేయడు.

రెండోది, పిల్లల ప్రస్తావన. మనవాళ్ళకు పిల్లలెక్కడున్నారు, ఏం చేస్తున్నారు అన్నది మామూలు పలకరింపే. మొదటి ఫోన్లో మాత్రం మీరు ఎత్తకండి. కొడుకు మాట్లాడ్డం మానేశాడేమో, కూతురు విడాకులు తీసుకుని వచ్చేసిందేమో, మీకేం తెలుసు? “ఇల్లు పాతదేనా, మేడ వేశారా? వేపచెట్టు ఉందా?” అని అడగండి. ఇంటి గురించి అడిగితే చెప్పాలనుకున్నవాళ్ళు ఇంట్లోవాళ్ళ గురించి తామే చెబుతారు. మీ పిల్లల గొప్పలు కూడా ఆ రోజుకు పక్కన పెట్టండి.

మీకు తెలియని చావు కబురు ఆ ఫోన్లోనే బయటపడిందనుకోండి. “అయ్యో, నాకెవరూ చెప్పలేదే” అంటూ మీ బాధ ఏకరువు పెట్టకండి. “ఎప్పుడు? ఎలా జరిగింది?” అని అడిగి ఊరుకోండి. అవతల మౌనంగా ఉంటే మీరూ మౌనంగా ఉండండి, తొందరపడి ఆ ఖాళీని మాటలతో నింపొద్దు. తర్వాత పోయినవాళ్ళ గురించి మీకు గుర్తున్న ఒక్క సంగతి చెప్పండి. పోయింది అతని భార్య అయితే, “మీ ఇంటికొచ్చినప్పుడల్లా అడక్కుండానే గోంగూర పచ్చడి మూటకట్టి ఇచ్చేది” అంటే చాలు. “అంతా కర్మ”, “ధైర్యంగా ఉండు” లాంటివి వాళ్ళు ఈపాటికి వందమంది దగ్గర విన్నారు.

వినికిడి సంగతి కూడా చూసుకోండి. వయసుతో ముందుగా తగ్గేది సన్నని ధ్వనులు వినే శక్తి. స, శ, ఫ లాంటి అక్షరాలు జారిపోతాయి. అరిస్తే మాట ఇంకా చెదురుతుంది. గొంతు కాస్త దించి, మాటకూ మాటకూ మధ్య ఎడం ఇవ్వండి. అప్పటికీ వినబడకపోతే వీడియో కాల్ చేయండి, పెదాలు కనబడితే మాట అందుతుంది.

పావుగంటకు ముగించండి. మాటలు ఇంకా మిగిలి ఉండగానే పెట్టేయాలి. “మళ్ళీ చేస్తాలే” అన్నవాళ్ళు చేయరు, కాబట్టి తేదీ చెప్పి పెట్టండి.

తేదీ కట్టుకోవడం

నా పద్ధతి తిథి. ఒకరికి శుద్ధ ఏకాదశి, ఒకరికి బహుళ ఏకాదశి, ఒకరికి పౌర్ణమి. క్యాలెండర్లో అచ్చువేసే ఉంటుంది, పక్కన పేరు రాస్తే చాలు. ఉపవాసం ఉన్న ఇళ్ళలో ఆ మధ్యాహ్నం తీరిక కూడా దొరుకుతుంది. ముస్లిం మిత్రులకు నెలలో మొదటి శుక్రవారం నమాజు అయ్యాక, క్రైస్తవులకు ఆదివారం చర్చి నుంచి వచ్చాక. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుంటే మోగినప్పుడు నొక్కేసి మరిచిపోతారు. క్యాలెండరు గోడ మీద రోజంతా కనబడుతుంది.

అమెరికాలో పిల్లలకైతే మన శనివారం రాత్రి ఏడున్నరే సరైన వేళ. న్యూయార్క్ వైపు అప్పటికి ఎండాకాలంలో పొద్దున పది, చలికాలంలో తొమ్మిది. మార్చిలోనూ నవంబరులోనూ వాళ్ళ గడియారం గంట మారుతుంది, అది క్యాలెండర్లో రాసుకోండి. కాలిఫోర్నియాకు ఇంకో మూడు గంటలు వెనక్కి, కాబట్టి వాళ్ళకు ఆదివారం పొద్దున తొమ్మిదికి చేయండి, అక్కడ శనివారం రాత్రి అవుతుంది. మనవలను “తిన్నావా?” అని అడిగితే “ఊఁ” అని పారిపోతారు. “నీ గదిలో కొత్తదేముందో చూపించు” అనండి.

చివరగా ఒక కాగితం

ఆ ఆరుగురి పేర్లూ, ఊళ్ళూ, నంబర్లూ, మీకేమవుతారో పెద్ద అక్షరాల్లో రాసి బీరువా తలుపు లోపలివైపు అతికించండి. మీకు ఒంట్లో బాగోకపోయినా, అంతకు మించి ఏదైనా జరిగినా కబురు వెళ్ళాల్సింది వీళ్ళకే. మీ ఫోను తాళం మీ పిల్లలకు తెలియకపోవచ్చు. వాళ్ళకు ఆ కాగితం ఎక్కడుందో చూపించండి, ఏటా ఉగాదికి మార్చి రాసి పైన తేదీ వేయండి.