ఈజిప్టు ఫెయాన్స్ ఉంగరం – 3వ పాఠం: ఉప్పు పూసేదాకా ముట్టుకోవద్దు

ఫెయాన్స్ అంటే పలుగురాయి పొడి ముద్దని కాల్చి చేసే, పైన గాజు పొరతో మెరిసే సరుకు. పోయిన పాఠంలో కలిపిన ముద్దని తడిగుడ్డ కప్పి ఉంచారు కదా, బయటికి తీయండి. మెత్తటి పలుగురాయి పొడి, కాస్త సున్నం, సోడా, రంగు కోసం రాగి, అంతే. బంకమట్టి లేదు కాబట్టి ఇది మొండి ముద్ద. పిసికితే జావలా జారుతుంది, గబుక్కున వంచితే చిట్లుతుంది. కుమ్మరి సారె మీద పెట్టి లాభం లేదు.

అందుకే పాత ఈజిప్టు నగరం అమర్నాలో పనివాళ్లు అచ్చుల్ని నమ్ముకున్నారు. ఫారో (ఈజిప్టు రాజు) అఖెనాతెన్ కట్టించిన ఆ నగరంలో 1891-92లో పురావస్తు పరిశోధకుడు ఫ్లిండర్స్ పెట్రీ తవ్వకాల్లో ఇలాంటి మట్టి అచ్చులు వేలల్లో దొరికాయి. ఒకవైపే తెరిచి ఉండే చిన్న అచ్చులు.

మీ అచ్చులో ముద్దని బొటనవేలితో నొక్కి, వెనక చదును చేయండి. కాల్చిన మట్టి నీళ్లు పీల్చుకుంటుంది. కాసేపాగి బోర్లించి తడితే బిళ్ల, అంటే ఉంగరం ముఖం, ఊడొస్తుంది. సన్నటి పుల్లకి ముద్ద చుట్టి వలయం చేసి, అదే ముద్దని పలచగా కలిపి బిళ్లకి అతికించండి. ఉంగరానికి బలహీనమైన చోటు ఆ అతుకే. మ్యూజియాల్లో వలయం విరిగిపోయి బిళ్ల మాత్రమే మిగిలినవి బోలెడు.

అసలు పని ఇప్పుడే మొదలు, అదీ మీరు చేసేది కాదు. ఆరేకొద్దీ లోపలి నీరు పైకి వస్తూ సోడాని మోసుకొస్తుంది. నీరు ఆవిరైపోతుంది, ఆ సోడా ఉప్పు పైన మిగులుతుంది. చెమ్మ పట్టిన పాత గోడల అడుగున తెల్లగా పూస్తుందే, అదే. రేపు కొలిమిలో కరిగి గాజవ్వాల్సింది ఆ తెల్ల పొరే. ఈజిప్టువాళ్లు ఈ సరుకుని ‘చెహెనెత్’, అంటే మెరిసేది అన్నారు. ఆ మెరుపు పైన పూసింది కాదు, లోపలినుంచి ఊరింది.

కాబట్టి చెయ్యి పెట్టకండి. ఎండిందో లేదో చూద్దామని నేను నొక్కిన మొదటి ఉంగరం మీద నా బొటనవేలంత మేర గాజే పట్టలేదు! గాలి తగలని అడుగువైపూ పూత పలచగానే వస్తుంది. అందుకే మూడు మొనల మట్టి పీట మీద నిలబెట్టండి. జరపాల్సి వస్తే పీటతో సహా జరపండి. రాలిన పొడిని ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. పలుగురాయి దుమ్ము ఊపిరితిత్తులకి చేటు.

ఏటవాలు వెలుతురులో మంచు పట్టినట్టు కనిపిస్తే ఆరినట్టు. ఏ వైపు కిందికి ఉందో కాగితం మీద గీసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో కొలిమి తెరిచాక ఆ కాగితం కావాలి.